బైక్‌కు ఫాగ్ లైట్లు పెట్టిస్తున్నారా? టేపు చుట్టకముందే వైరింగ్ చూడండి

కర్నూలులో బైక్‌కు అదనపు లైట్లు పెట్టించుకోవాలనుకుంటున్న వారందరికీ ఇది హెచ్చరిక. రిలే (కొద్దిపాటి కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే చిన్న స్విచ్చు పెట్టె), ఫ్యూజు, కొత్త వైరు అన్నిటికీ కలిపి డబ్బు తీసుకుని, లోపల మాత్రం లైట్ల వైరును హెడ్‌లైట్ వైరుకే మెలిపెట్టి, పైన నల్ల టేపు చుట్టి ఇచ్చారు. నాకు జరిగింది ఇదే. దుకాణం పేరు రాయడం లేదు. ఇలాంటి పని ఏ దుకాణంలో జరిగినా మీరు అక్కడికక్కడే పట్టుకోగలగాలి, నాకు కావలసింది అదే.

పని మీద నేను తరచూ రాత్రిపూట ఎమ్మిగనూరు వెళ్లి వస్తుంటాను. కోడుమూరు దాటితే చాలా దూరం చీకటే. పత్తి కాలంలో ఆదోని మార్కెట్‌కు వెళ్లే ట్రాక్టర్ల లోడు రెండు పక్కలా పొంగి ఉంటుంది, వెనక లైటూ ఉండదు, రిఫ్లెక్టరూ ఉండదు. నా బండి హెడ్‌లైట్ 35 వాట్ల హాలోజన్ బల్బు. ఆ వెలుతురులో ట్రాక్టర్ కనిపించేసరికి బ్రేకు వేసే దూరం మిగలదు. ఈ లైట్లు నాకు అలంకారం కాదు. అందుకే దుకాణంలో ముందే స్పష్టంగా అడిగాను: బ్యాటరీ నుంచి విడిగా వైరు లాగాలి, రిలే ఉండాలి, ఫ్యూజు ఉండాలి అని. రిలేను చేతికిచ్చి చూపించారు కూడా. దానికీ వైరింగ్‌కూ లైట్ల ధర కాక మరో 900 రూపాయలు తీసుకున్నారు.

ఒక రాత్రి గోనెగండ్ల దగ్గర మలుపులో హ్యాండిల్ తిప్పగానే హెడ్‌లైట్, మీటరు, ఇంజిన్ మూడూ ఒక్కసారిగా ఆగిపోయాయి. వెనక లారీ వస్తోంది. ఆ డ్రైవరు చివరి క్షణంలో పక్కకు తిప్పాడు కాబట్టి బతికాను.

మర్నాడు ఎమ్మిగనూరులో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ టేపు విప్పాడు. రిలే సీటు కిందే ఉంది, కానీ దాని వైర్లు రెండంగుళాల దగ్గర తెగి ఎక్కడికీ వెళ్లడం లేదు. కంటికి కనిపించడానికే కట్టి ఉంచారు. లైట్ల వైరు హెడ్‌లైట్ వైరుకు మెలిపెట్టి ఉంది. టంకం లేదు, వైరు మీద తొడిగే గొట్టం (స్లీవు) లేదు, ఫ్యూజు అసలే లేదు. హ్యాండిల్ తిరిగే చోట ఆ సన్నటి వైరు ఛాసిస్‌కు ఒరుసుకుని, పైతొడుగు చిరిగి, రాగి బయటపడింది. రాగి ఛాసిస్‌కు తగలగానే బండి మెయిన్ ఫ్యూజు కొట్టేసింది. నాది ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి, కరెంటు పోతే ఇంజిన్ కూడా ఆగుతుంది.

అసలు రిలే ఎందుకు కావాలో తెలిస్తేనే ఈ మోసం తీవ్రత అర్థమవుతుంది. 40 వాట్ల లైట్లు రెండు పెడితే 80 వాట్లు. 12 వోల్టుల బండిలో అది దాదాపు 6.7 ఆంపియర్లు. హెడ్‌లైట్ తీసుకునేది మూడు ఆంపియర్లే కాబట్టి దాని వైరు, స్విచ్చు ఆ మేరకే ఉంటాయి. లైట్లను వాటికే తగిలిస్తే మూడు రెట్లకు పైగా భారం పడుతుంది, స్విచ్చులోని కాంటాక్టులు కాలతాయి, వైరు తొడుగు మెత్తబడుతుంది. మన ఎండల్లో టేపు జిగురు ముందే కరిగి ఉంటుంది. రిలే ఉంటే స్విచ్చు ద్వారా పోయేది రిలేను పనిచేయించే కొద్దిపాటి కరెంటే. అసలు కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా రిలే 30వ నంబరు కాలికి వచ్చి, 87వ కాలి నుంచి లైట్లకు వెళుతుంది. 85, 86 స్విచ్చుకూ ఎర్తుకూ. ఈ నంబర్లు రిలే అడుగున ముద్రించే ఉంటాయి, చూసి సరిపోల్చుకోండి. 80 వాట్లకు 10 ఆంపియర్ల ఫ్యూజు చాలు. అది బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోపే ఉండాలి, ఎందుకంటే బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న వైరుకు ఏ రక్షణా ఉండదు.

డబ్బు ఇవ్వకముందే దుకాణంలో ఒక పరీక్ష చేయండి. లైట్లు వేసి ఉంచి, రిలేను దాని సాకెట్ నుంచి లాగమనండి. అదనపు లైట్లు ఆరిపోవాలి, హెడ్‌లైట్ వెలుగుతూనే ఉండాలి. రిలే తిరిగి పెట్టి, ఈసారి కొత్త ఫ్యూజు తీయమనండి. మళ్లీ అలాగే జరగాలి. రిలే తీసినా లైట్లు వెలుగుతూ ఉంటే అది ఉత్తుత్తి రిలే. ఈ మాట వినగానే పనివాడు విసుక్కుంటే మీ అనుమానానికి కారణం ఉన్నట్టే. ఆ తర్వాత లైట్లు వేసి, ఆక్సిలేటర్ కొద్దిగా ఇచ్చి, బ్యాటరీ దగ్గర మల్టీమీటరుతో వోల్టేజీ చూడమనండి. 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. 12.5 దగ్గరే నిలిచిపోతే బండి తయారుచేసే కరెంటు చాలడం లేదు, బ్యాటరీ ఖాళీ అవుతోంది. టేపు మాత్రం ఇవన్నీ చూశాకే చుట్టనివ్వండి.

పెట్టె మీద రాసిన వాట్లను కూడా నమ్మకండి. 120 వాట్లని రాసిన చవక ఎల్‌ఈడీ లైటు మీటరులో ఒకటిన్నర ఆంపియరు చూపిస్తే అది 18 వాట్ల లైటే.

తిరిగి వెళ్లి అడిగితే, బయట విప్పించారు కాబట్టి తమకు సంబంధం లేదన్నారు. బిల్లులో "లైట్లు ఫిట్టింగ్" అని ఒక్క ముక్కే ఉంది. మీరు రిలే, ఫ్యూజు, వైరు, కూలి విడివిడిగా రాయించుకోండి. పాత వైరింగ్‌ను విప్పేటప్పుడు తీయించిన ఫొటోలు నా దగ్గర ఉన్నాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు అక్కడ రుసుము లేదు, రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి.

దుకాణంలో నాకు ఎవరూ చెప్పని సంగతి మరొకటి. తయారీదారు ఇచ్చిన వాహనంలో చేసే మార్పులకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 పరిమితులు పెట్టింది. 2019లో మార్చిన సెక్షన్ 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా ఉండవచ్చు. ముందువైపు స్పాట్‌లైట్లను ప్రత్యేక అనుమతి లేకుండా పెట్టడాన్ని కేంద్ర మోటారు వాహనాల నియమాలు విడిగా నిషేధించాయి. ప్రస్తుతం లైట్లు తీయించేశాను. రవాణా కార్యాలయంలో అడగకుండా మళ్లీ పెట్టించను.

ఇప్పటికే పెట్టించుకున్న వారు రాత్రి ప్రయాణానికి ముందే సీటు తీసి, రిలే వైర్లు ఎక్కడికి వెళుతున్నాయో చివరిదాకా చేత్తో వెంబడించి చూడండి. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పుతూ మెడ దగ్గర వైరు ఒరుసుకుంటోందేమో గమనించండి. హెడ్‌లైట్ వెనక టేపు ముద్దగా కనిపిస్తే దాన్ని విప్పించండి.