ఆగిపోయిన రోలర్ కోస్టర్‌కి టికెట్లు అమ్ముతున్నారు, కొనబోయేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి

నిన్న జరిగింది. ఇంకా కోపం తగ్గలేదు, అందుకే ముందు అసలు విషయం చెప్పేస్తున్నా. ఫోన్ కంపెనీ పేరు పెట్టిన ఆ పెద్ద కోస్టర్ పదిహేను రోజులుగా తిరగడం లేదు. అయినా దాని పేరు మీద కాంబో టికెట్ ఇంకా అమ్ముతూనే ఉన్నారు. ఏ పార్కో మీకు తెలిసే ఉంటుంది, ఆ యాడ్ ఈ నెలంతా అందరి ఫోన్లలోనూ వస్తోంది.

నేను కొన్నది ఆ కంపెనీ యాప్‌లోనే. మామూలు ఎంట్రీ కంటే ఎక్కువ పెట్టి, క్యూలో నిలబడక్కర్లేని పాస్‌తో కలిపి తీసుకున్నాను. మా అక్క కొడుకు పోయినసారి 140 సెంటీమీటర్ల గీతకి రెండు వేళ్ళు తక్కువై ఎక్కలేకపోయాడు. ఏడాదంతా గోడ దగ్గర నిలబడి కొలుచుకుంటూనే ఉన్నాడు. ఇదంతా వాడి కోసమే.

గేటు దగ్గర టికెట్ స్కాన్ చేశారు. వాడి ఎత్తు కొలిచి చేతికి బ్యాండ్ కట్టారు. కోస్టర్ లేదని ఒక్కరూ అనలేదు. లోపలికి వెళ్తే పాటలు మోగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, పెద్ద తెర మీద అదే కోస్టర్ గిర్రున తిరుగుతోంది, అందులో జనం కేకలు పెడుతున్నారు. ఆ తెర కిందే క్యూ దారికి అడ్డంగా గొలుసు, గొలుసుకి ఒక తెల్ల కాగితం. మెయింటెనెన్స్. వాడు తెర వైపు చూశాడు, ఖాళీ ట్రాక్ వైపు చూశాడు. "మామయ్యా, అందులో తిరుగుతోంది కదా?" అన్నాడు. ఏం చెప్పాలో నాకు తోచలేదు.

పక్కనే ఇనుప జాలీ వెనక షెడ్ ఉంది. జనం కూర్చునే కోస్టర్ పెట్టెలు స్టాండ్ల మీదికి ఎత్తి పెట్టి ఉన్నాయి. విప్పిన చక్రాలు గుడ్డ మీద వరసగా పేర్చి, ఒక్కోదానికీ నంబరు చీటీ కట్టారు. కోస్టర్ పెట్టెకి మూడు రకాల చక్రాలుంటాయి. ట్రాక్ మీద దొర్లేవి కొన్ని, పక్క నుంచి ఆనుకునేవి కొన్ని, పెట్టె పైకి లేవకుండా కింద నుంచి పట్టి ఉంచేవి కొన్ని. మూడు రకాలూ విప్పేశారంటే అది ఆ పొద్దున వచ్చిన చిన్న రిపేరు కాదని నాకే అర్థమైంది. అక్కడ పని చేస్తున్న పెద్దాయన్ని అడిగాను. "బేరింగులు రావాలి సార్. విప్పి పదిహేను రోజులైంది. ఇంకో రెండు వారాలైనా పడుతుంది. గేటు దగ్గర చెప్పలేదా మీకు?" అన్నాడు. ఆ రోజు మాకు నిజం చెప్పింది ఆయనొక్కడే.

కౌంటర్‌కి వెళ్తే అక్కడి అబ్బాయి తల కూడా ఎత్తకుండా "మీ సేఫ్టీ కోసమే సార్ ఆపింది" అన్నాడు.

ఆపినందుకు నాకు కోపం లేదు. ఆపాల్సిందే. ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్ పార్క్‌లో 2015 జూన్ 2న స్మైలర్ అనే కోస్టర్‌లో ఏం జరిగిందో తెలుసు కదా. ముందు వదిలిన ఖాళీ ట్రైన్ ట్రాక్ మీద ఇరుక్కుంది. వెనకాల వస్తున్న ట్రైన్‌ని కంప్యూటర్ సరిగ్గానే ఆపేసింది. సిబ్బంది అది సిస్టమ్ పొరపాటనుకుని, దాన్ని కాదని జనం ఉన్న ట్రైన్‌ని ముందుకు వదిలారు. అది వెళ్ళి ఖాళీ ట్రైన్‌ని గుద్దింది. 16 మంది గాయపడ్డారు, ఇద్దరు అమ్మాయిలకు ఒక్కో కాలు తీసేయాల్సి వచ్చింది. మరుసటి ఏడాది కోర్టు ఆ సంస్థకు 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. చక్రం అరిగితే నెల రోజులు ఆపినా నేను నోరెత్తను. ఆగిందని తెలిసీ నాకెందుకు అమ్మారు? నేనడిగింది అదొక్కటే.

"మీది కంపెనీ ఆఫర్, వాళ్ళనే అడగండి" అన్నాడు కౌంటర్ అబ్బాయి. అక్కడే నిలబడి కంపెనీకి ఫోన్ చేశాను. "రైడ్‌కి పేరు మాత్రమే మాది, నడిపేది పార్క్ వాళ్ళు" అన్నారు. మళ్ళీ కౌంటర్‌కి వస్తే ఆ అబ్బాయి నా చేతిలో ఫోన్ తీసుకుని, టికెట్ అడుగున ఉన్న సన్న అక్షరాల దాకా జరిపి, నా మొహం ముందు పెట్టాడు. "‘ముందస్తు సమాచారం లేకుండా రైడ్లు ఆపవచ్చు’ అని ఉంది కదా. చదవకుండా కొంటే మేమేం చేస్తాం?" అని పక్కవాడి వైపు చూసి నవ్వాడు. పిల్లాడు నా పక్కనే ఉన్నాడు. ఆ నవ్వు రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు.

ముందస్తు సమాచారం లేకుండా అంటే మీకే ముందుగా తెలియనప్పుడు. పదిహేను రోజులుగా చక్రాలు విప్పి పెట్టుకుని ఆ మాట ఎలా అంటారు? అమెరికాలో సెడార్ పాయింట్ పార్క్ వాళ్ళ టాప్ థ్రిల్ 2 అనే కోస్టర్ కొత్తగా మొదలైన కొన్నాళ్ళకే, 2024 మేలో, చక్రాల సమస్యతో ఆగిపోయింది. ఆ సీజన్‌లో మళ్ళీ తిరగనేలేదు. కానీ ఆపామని వాళ్ళు బయటికి చెప్పారు. అంత పెద్ద రైడ్ వాళ్ళే చెప్పగలిగినప్పుడు వీళ్ళకేం అడ్డం వచ్చింది?

నా తప్పు కూడా ఉంది. పెద్ద కంపెనీ పేరుంది కదా, వాళ్ళ పరువు కోసమైనా సరిగ్గా చూసుకుంటారని నమ్మాను. ఆ పేరు అద్దెకి పెట్టిన బోర్డు లాంటిదని నాకు తట్టాల్సింది. ఇంగ్లండ్‌లోని బ్లాక్‌పూల్‌లో 1994లో పెప్సీ మ్యాక్స్ బిగ్ వన్ అని మొదలైన కోస్టర్ ఒప్పందం అయిపోయాక ఉత్త బిగ్ వన్ అయింది. బోర్డు మారినా రోజూ పొద్దున్నే ట్రాక్ చూసి, బ్రేకులు చూసి, పెట్టెల్ని పైకి లాగే గొలుసు చూసి రైడ్ తెరవాల్సింది పార్క్ వాళ్ళే. ఒక్క ఫోన్ చేసి పార్క్‌నే అడిగి ఉంటే పిల్లాడికి ఆ రోజు పాడయ్యేది కాదు.

మీరు వెళ్ళేముందు పార్క్‌కే ఫోన్ చేసి ఆ రైడ్ ఈరోజు తిరుగుతోందా అని పేరు పెట్టి అడగండి. స్పాన్సర్ యాప్‌లో కొనకండి. గేటు దాటకముందే మళ్ళీ అడగండి, స్కాన్ అయ్యాక ఎవరూ పట్టించుకోరు. ఆగి ఉంటే తేదీ పడేలా ఫోటో తీసుకోండి.

నేను ఇద్దరికీ మెయిల్ పెట్టాను, ఇంకా జవాబు రాలేదు. ఇది రాసేముందు యాప్ తెరిచి చూశాను. రేపటికి ఆ కాంబో ఇంకా దొరుకుతోంది.