గోడ మీది ‘బ్లాక్‌బస్టర్’ పోస్టర్: టికెట్ కొనేవాడికి ఎంత పనికొస్తుంది?

పెద్ద సినిమా విడుదలైన రెండో రోజుకే తిరుపతి గోడల మీద కొత్త పోస్టర్ పడుతుంది. హీరో బొమ్మ పక్కన ‘బ్లాక్‌బస్టర్’ అని, కింద కోట్లలో ఒక అంకె. దాన్ని చూసి ఇంటిల్లిపాదికీ టికెట్లు కొనేవాళ్లున్నారు కాబట్టి, ఈ పోస్టర్‌ను కూడా వస్తువులాగే పరీక్షించాలి. మొదటి మూడు రోజుల పోస్టర్‌కి అయిదుకి ఒక మార్కు. రెండో వారంలోనూ అదే మాట నిలబడితే మూడున్నర.

దగ్గరికెళ్లి అంకె కింద ఉన్న చిన్న అక్షరాలు చదవండి. ‘వరల్డ్‌వైడ్ గ్రాస్’ అని ఉంటుంది. గ్రాస్ అంటే పన్నుతో సహా మనం కట్టిన మొత్తం. 150 రూపాయల టికెట్‌కి 18 శాతం జీఎస్టీ కలిస్తే 177. అది గ్రాస్. పన్ను 27 పోగా 150 నెట్. అందులోంచి థియేటర్ అద్దెగానీ, పర్సంటేజీ మీద ఆడుతుంటే థియేటర్ వాటాగానీ తీసేశాక మిగిలేదే షేర్, అంటే బయ్యర్ చేతికొచ్చేది. సగం సగం అనుకుంటే 75. (వంద లోపు టికెట్‌కి పన్ను తక్కువ కాబట్టి సింగిల్ స్క్రీన్‌లో ఈ లెక్క కాస్త మారుతుంది.) సినిమా ఆడిందో పోయిందో తేల్చేది ఆ 75. పోస్టర్‌లో వేసేది మాత్రం 177.

సినిమా వ్యాపారంలో తిరుపతి, చిత్తూరు రెండూ సీడెడ్ (రాయలసీమ) కిందికే వస్తాయి. ఉదాహరణకి ఒక బయ్యర్, అంటే పంపిణీదారు, సీడెడ్‌లో సినిమా ఆడించే హక్కులు 10 కోట్లకు కొన్నాడనుకుందాం. ఖర్చులు పక్కన పెట్టినా 10 కోట్ల షేర్ వస్తేనే బ్రేక్ ఈవెన్, పెట్టిన డబ్బు తిరిగొచ్చినట్టు. సీడెడ్‌లో 16 కోట్ల గ్రాస్ అని ఘనంగా పోస్టర్ వేసినా, పై లెక్కన షేర్ ఏడు కోట్లు కూడా దాటదు. అంటే మూడు కోట్లకు పైగా నష్టం. అడ్వాన్స్ పద్ధతిలో కొనుంటే తక్కువపడిన సొమ్ము నిర్మాత నుంచి వెనక్కి వస్తుంది. ఎన్‌ఆర్‌ఏ (నాన్ రిఫండబుల్ అడ్వాన్స్, తిరిగివ్వని అడ్వాన్స్) అయితే రాదు. ఆ నష్టం బయ్యర్ నెత్తినే.

అసలు ‘బ్లాక్‌బస్టర్’ అన్న మాటకు కొలబద్ద లేకపోవడమే పెద్ద లోపం. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాయుసేన వేసిన 4,000 పౌండ్ల బాంబులను పత్రికలు ‘బ్లాక్‌బస్టర్’లని పిలిచాయి, ఒక్కటి పడితే ఇళ్ల వరస మొత్తం కూలుతుందని. 1943 నాటికే ఆ మాట హాలీవుడ్ ప్రకటనల్లోకి ఎక్కింది. మందుల కంపెనీలు మాత్రం ఒక గీత గీసుకున్నాయి: ఏడాదికి 100 కోట్ల డాలర్ల అమ్మకాలు దాటితేనే ఆ మందు బ్లాక్‌బస్టర్. మన సినిమాకు అలాంటి గీత లేదు. పోస్టర్ వేసేవాళ్లు ఏమనుకుంటే అదే. మన ట్రేడ్ వాడే బిరుదుల్లో ‘ఇండస్ట్రీ హిట్’ ఒక్కటే కాస్త నయం, అంతకుముందు రికార్డును దాటిందా లేదా అని చూసుకోవచ్చు.

ఒకప్పటి శతదినోత్సవ పోస్టర్ ఇంతకంటే ఎంతో మేలు. ఏ ఊళ్లో, ఏ థియేటర్లో వంద రోజులు ఆడిందో పేర్లు ఉండేవి. డైరెక్ట్‌గా (ఒకే థియేటర్లో) ఆడినవి వేరు, షిఫ్టింగ్‌తో (థియేటర్ మారుస్తూ) ఆడినవి వేరు. అనుమానమొస్తే ఆ ఊళ్లో అడిగి తెలుసుకోవచ్చు. ఇప్పటి అంకెను ప్రేక్షకుడు సరిచూసుకునే దారే లేదు.

తిరుపతిలో మరో చిక్కుంది. శని, ఆదివారాల్లో హౌస్‌ఫుల్ బోర్డు చూసి సినిమా ఆడేస్తోందనుకోవద్దు. దర్శనం స్లాట్‌కి ముందో వెనకో టైము మిగిలిన యాత్రికులు, హాస్టల్ పిల్లలు కలిస్తే ఓ మాదిరి సినిమాకీ సీట్లు నిండుతాయి. టికెట్ల యాప్‌లో షో నిండినట్టు ఎర్రగా కనిపించినా పూర్తిగా నమ్మలేం, సింగిల్ స్క్రీన్‌లో కొన్ని వరసలు కౌంటర్‌కే అట్టిపెట్టి ఆన్‌లైన్‌లో పెట్టకపోవడం మామూలే. అందుకే చూడాల్సింది సోమవారం మ్యాట్నీ. ఆదివారం మ్యాట్నీ జనంలో సగమంత జనం సోమవారం వచ్చినా సినిమాలో దమ్మున్నట్టే. నాలుగో వంతుకు పడిపోతే గోడ మీద ఎన్ని కోట్లు వేసినా ఒకటే. తర్వాత పలమనేరు, కుప్పం థియేటర్ల షోలు చూడండి. యాత్రికుల రద్దీ లేని ఆ ఊళ్లలో రెండో శుక్రవారానికీ నాలుగు షోలు అలాగే ఉన్నాయంటే బ్లాక్‌బస్టర్ అన్న మాట నమ్మొచ్చు.

వీరాభిమానులకు ఈ లెక్కలతో పనిలేదు, బెనిఫిట్ షోకే వెళ్తారు. పిల్లాపాపలతో వెళ్లేవాళ్లు మాత్రం మంగళవారం దాకా ఆగితే రెండు లాభాలు: టాక్ తేలిపోతుంది, సీట్లు నచ్చినచోట దొరుకుతాయి. పెద్ద సినిమాలకు ప్రభుత్వం అనుమతించే అదనపు ధర మొదటి కొద్ది రోజులకే కాబట్టి, రెండో వారం దాటాక వెళ్తే నలుగురి టికెట్ల మీద ఆ భారం కూడా తప్పుతుంది.