పిల్లలకి ఓపెన్ సోర్స్: ఉన్న విండోస్ మీదే నేర్పాలా, పాత కంప్యూటర్లో లినక్స్ వెయ్యాలా?

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగిళ్లలో ఇప్పుడు తరచుగా రెండు కంప్యూటర్లు కనిపిస్తున్నాయి. ఒకటి కొట్టు లెక్కలకో ఆఫీసు పనికో పెద్దవాళ్లు వాడేది. రెండోది మూలన దుమ్ము పట్టినది. ఆ రెండోది చెడిపోయి మూలకి చేరలేదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11 వేద్దామంటే అది టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు అడుగుతుంది, ఇంటెల్ అయితే ఇంచుమించు ఎనిమిదో తరం ప్రాసెసరు ఉండాలంటుంది. అవి లేకపోవడమే దాని తప్పు.

పిల్లలకి ఓపెన్ సోర్స్ (కోడు అందరికీ తెరిచి ఉండి, ఎవరైనా మార్చుకోగల ప్రోగ్రాములు) అలవాటు చెయ్యాలనుకునే తల్లిదండ్రులు ముందు ఈ రెండు యంత్రాలనే చూసుకోవాలి. మా మాట ఇది: ఇంట్లో ఒకటే కంప్యూటర్ ఉంటే దాని విండోస్ జోలికి పోవద్దు, దాని మీదే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములు పెట్టండి. పాతది ఖాళీగా ఉంటే పూర్తిగా తుడిచేసి, విండోస్ బదులు లినక్స్ అనే ఓపెన్ సోర్స్ సిస్టం వేసి, పిల్లలకే అప్పగించండి. ఒకే డిస్కులో రెండూ పెట్టే డ్యూయల్ బూట్ మాత్రం వద్దు. ఎందుకో కింద చెబుతున్నాం.

విండోస్ మీదే మొదలుపెడితే

ఈ దారిలో పోయేదేమీ లేదు. నచ్చకపోతే అన్‌ఇన్‌స్టాల్ చేస్తే సరి. 3 నుంచి 12 ఏళ్ల పిల్లలకి టక్స్ పెయింట్. 2002 నుంచి ఉన్న బొమ్మల ప్రోగ్రాము ఇది. సేవ్ నొక్కితే ఫైలు పేరు అడగదు, ఏ ఫోల్డరని అడగదు. అందుకే అక్షరాలు రాని పిల్లలకి కూడా పనికొస్తుంది. 2 నుంచి 10 ఏళ్లవాళ్లకి జీకాంప్రి. మౌసు పట్టుకోవడం, డబుల్ క్లిక్, లెక్కలు, గడియారం చూడడం, అన్నీ కలిపి వందకి పైగా ఆటలున్నాయి. చదవడం వచ్చాక దిమ్మలు పేర్చినట్టు ప్రోగ్రాములు రాయడం నేర్పే స్క్రాచ్, పెద్ద తరగతులకి ఉత్తరాలు, లెక్కల పట్టికలు చేసుకునే లిబ్రేఆఫీస్.

స్క్రాచ్ విషయంలో విండోస్‌దే పైచేయి. ఇంటర్నెట్ లేకుండా పనిచేసే అసలు స్క్రాచ్ యాప్ విండోస్‌కి ఉంది, మామూలు డెస్క్‌టాప్ లినక్స్‌కి లేదు. లినక్స్‌లో బ్రౌజరులో వాడుకోవాలి, లేదా దాని ఆధారంగా తయారైన టర్బోవార్ప్ పెట్టుకోవాలి. స్క్రాచ్ మెనూలని ఒడియాలోకి మార్చుకోవచ్చు. ఒడియా మీడియంలో చదివే పిల్లలకి ఇది చాలా ఉపయోగం.

విండోస్ దారిలో చిక్కు డౌన్‌లోడ్ దగ్గరే వస్తుంది. ప్రోగ్రాము పేరు వెతికితే ముందుగా వచ్చేవి చాలాసార్లు ప్రకటనలే. వాటి పచ్చ బటన్లు నొక్కితే అడగని ప్రోగ్రాములు నాలుగు వచ్చి కూర్చుంటాయి. ప్రతిదానికీ దాని సొంత సైటుకే వెళ్లి దింపుకోవాలి, ఆ పని పెద్దవాళ్లే చెయ్యాలి. ఇంకొకటి, పిల్లలకి అడ్మినిస్ట్రేటర్ కాని వేరే అకౌంటు తప్పనిసరి. మైక్రోసాఫ్ట్ వారి ఫ్యామిలీ నియంత్రణలు కావాలంటే పిల్లల పేరిట కూడా మైక్రోసాఫ్ట్ అకౌంటు తెరవాలి. ఆ అవసరం లేదనుకుంటే లోకల్ స్టాండర్డ్ అకౌంటు చాలు.

ఇంతా చేసినా ఆ కంప్యూటర్ పిల్లలది కాదు. నాన్న లెక్కలు అందులో ఉన్నాయి కాబట్టి "అది ముట్టుకోకు, ఇది నొక్కకు" అనే మాట ప్రతి పది నిమిషాలకీ వస్తుంది. విప్పి చూసే స్వేచ్ఛ లేని చోట ఓపెన్ సోర్స్ అంటే ఉచితంగా వచ్చే ఇంకో ప్రోగ్రామనే పిల్లలకి అర్థమవుతుంది. ఆరేడేళ్ల లోపు దానితో నష్టం లేదు. పదేళ్లు దాటిన పిల్లలకి అది చాలదు.

డ్యూయల్ బూట్ ఎందుకు వద్దు

పెద్దవాళ్ల పని, పిల్లల ప్రయోగం ఒకే డిస్కు మీద ఉండడమే మొదటి తప్పు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా లేవడానికి పూర్తిగా ఆగకుండా ఉండే ఏర్పాటు) ఆపకపోతే, లినక్స్ వైపు నుంచి ఆ డ్రైవు తెరుచుకోదు, లేదా చదవడానికే తెరుచుకుంటుంది. డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఉన్న ల్యాప్‌టాప్‌లో సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగు మారిస్తే మర్నాడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది ఎక్కడ దాచారో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. గడియారం సంగతి మరీ వింత. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది స్థానిక సమయమని విండోస్ అనుకుంటుంది, అది యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం అని లినక్స్ అనుకుంటుంది. అందుకే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లినప్పుడు టైము సరిగ్గా అయిదున్నర గంటలు తేడాగా కనిపిస్తుంది. దేన్నైనా సర్దుకోవచ్చు, కానీ సోమవారం పొద్దున్న నాన్న కంప్యూటర్ లేవకపోతే పిల్లల ఓపెన్ సోర్స్ చదువు ఆ రోజుతో ఆగిపోతుంది.

పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడపడం వేరు. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో రూఫస్ అనే ప్రోగ్రాముతో లినక్స్ మింట్ (లినక్స్ రకాల్లో ఒకటి) రాసి దాన్నుంచే బూట్ చేస్తే, ఇన్‌స్టాల్ నొక్కనంతవరకూ డిస్కు మీద చెయ్యి పడదు. కానీ ఆపగానే చేసినదంతా పోతుంది, నడక కూడా నెమ్మది. దాన్ని అరగంట పరీక్షకే ఉంచుకోండి: వైఫై పట్టిందా, స్పీకరు పలికిందా, స్క్రీను వెలుతురు తగ్గుతోందా.

పాత కంప్యూటర్ పూర్తిగా పిల్లలకిస్తే

మా ఓటు దీనికే, అందుకే దీని గురించి ఎక్కువ చెబుతాం. ముందు పెట్టె విప్పి దుమ్ము దులపండి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్లు సీఆర్2032 కొత్తది వెయ్యండి. అది చచ్చిపోతే ప్లగ్ తీసినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పైతే ఏ సైటు తెరిచినా సర్టిఫికెట్ బాగోలేదని బ్రౌజరు ఆపేస్తుంది, మీరు నెట్ పాడైందనుకుని వెతుకుతారు.

ర్యామ్ 2 జీబీ ఉంటే నడుస్తుందని మింట్ వాళ్లే చెబుతారు. కానీ బ్రౌజరులో మూడు ట్యాబులు తెరిస్తే చాలు, అక్కడే ఆగిపోతుంది. 4 జీబీ ఉండేలా చూడండి. పాత హార్డ్‌డిస్కు తీసి 240 జీబీ సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) పెడితే వచ్చే తేడా ప్రాసెసరు మార్చినా రాదు. ఖర్చు పెట్టదలిస్తే ముందు దానికే పెట్టండి. ప్రాసెసరు 64 బిట్‌ది కావాలి.

మింట్ మూడు రకాలుగా వస్తుంది. పాత యంత్రానికి ఎక్స్‌ఎఫ్‌సీఈ తీసుకోండి. 22 వరసకి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఫైలు 3 జీబీకి కాస్త తక్కువ. కొండ ఊళ్లలో మొబైల్ నెట్ మీద అంత పెద్ద ఫైలు బ్రౌజరులో దింపితే మధ్యలో తెగుతుంది. మింట్ సైటులోనే టోరెంట్ ఉంది. అది ఆగిన చోటి నుంచి అందుకుంటుంది, ముక్క ముక్కనీ సరిచూసుకుంటుంది కూడా. లేదా బరంపురం, రాయగడ పనిమీద వెళ్లినప్పుడు బ్రాడ్‌బ్యాండ్ ఉన్న చోట పెన్‌డ్రైవ్‌లో పట్టుకు రండి.

కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే బూట్ మెనూ కీ వరసగా నొక్కాలి. డెల్, లెనోవో అయితే ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9. పాత ఫొటోలు, పత్రాలు ఉంటే ముందే వేరే చోట భద్రపరచండి, ఎందుకంటే ఎంచుకోబోయేది డిస్కు మొత్తం తుడిచేసే ఆప్షను. ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనబడకపోతే బయాస్‌లో (ఆన్ చేయగానే తెరిచే కంప్యూటర్ సొంత సెట్టింగుల్లో) సాటా మోడ్ రెయిడ్ అని ఉందేమో చూడండి, దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి. వైఫై పట్టకపోతే ఫోను యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చెయ్యండి. నెట్ వస్తుంది, ఆ నెట్‌తో డ్రైవర్ మేనేజర్ నుంచి వైఫై డ్రైవరు తెచ్చుకోవచ్చు.

ఆ తరవాత మూడు పనులు. మొదటి అకౌంటు మీది, పిల్లలకి స్టాండర్డ్ అకౌంటు వేరుగా. టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రాము తెరిచి ఒక స్నాప్‌షాట్, అంటే సిస్టం అప్పటి స్థితికి నకలు తియ్యండి. పిల్లలకి మీ అకౌంటు పాస్‌వర్డు ఇచ్చే వయసు వచ్చాక వాళ్లేదైనా సిస్టం పాడుచేస్తే పావుగంటలో వెనక్కి తేవచ్చు. అయితే మామూలుగా వాళ్ల బొమ్మలు, పాఠాలు ఉన్న హోమ్ ఫోల్డరు అందులోకి రాదు, దాన్ని విడిగా కాపీ చేసుకోవాలి. రోజుకి ఇంతసేపే అనే కట్టుబాటు కావాలంటే టైమ్‌కీపర్ నెక్స్ట్ పెట్టండి, అకౌంటుకింత అని గంటలు నిర్ణయించవచ్చు.

ప్రోగ్రాములకి సైట్లు వెతకక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో పేరు కొడితే చాలు. ఒక్క జాగ్రత్త: ఒకే ప్రోగ్రాము సిస్టం ప్యాకేజీగానూ ఫ్లాట్‌ప్యాక్‌గానూ కనిపిస్తే సిస్టం ప్యాకేజీ ఎంచుకోండి. ఫ్లాట్‌ప్యాక్ మొదటిసారి తనతోపాటు చాలా సరంజామా దింపుతుంది, రోజువారీ డేటా దానికే అయిపోతుంది. మైన్‌క్రాఫ్ట్ కావాలని మారాం చేసే పిల్లలుంటే లువాంటి చూపించండి. 2024 దాకా దాని పేరు మైన్‌టెస్ట్. అందులోని ఆటలని లువా భాషలో నాలుగు వరసలు రాసి మార్చుకోవచ్చు. తెరిచిన కోడుకి అర్థమేమిటో పిల్లలకి ఎక్కేది అలాంటి చోటే.

లోపం కూడా చెప్పాలి. ఇంట్లో కానన్ ఎల్‌బీపీ2900 ప్రింటరు ఉంటే లినక్స్‌తో చాలా తిప్పలు పడాలి, దాన్ని విండోస్ యంత్రానికే ఉంచండి. హెచ్‌పీ ప్రింటర్లకి కావలసిన సరంజామా మింట్‌లో ముందే ఉంటుంది.

రాస్‌బెర్రీ పై 400, 500 కూడా మంచివే, కీబోర్డులోనే కంప్యూటరంతా ఉంటుంది. అయితే మానిటరు, సరైన పవర్ అడాప్టరు విడిగా చూసుకోవాలి, దానితో మెమరీ కార్డు రాకపోతే అది కూడా. వానాకాలం కరెంటు గబుక్కున పోయినప్పుడు మెమరీ కార్డు పాడయ్యే భయం ఎక్కువ. మూలన మంచి యంత్రం ఉండగా దీన్ని కొనడం దండగ. ఎలక్ట్రానిక్స్ మీద మనసు పడ్డాక చూడవచ్చు.

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా

ఇక్కడి పిల్లలకి రెండు లిపులు. ఈ విషయంలో రెండు దారులూ సమానమే. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు విండోస్‌లోనూ ఉంది, లినక్స్‌లోనూ ఉంది. ముఖ్యమైన భారతీయ లిపులకి ఒకే అమరిక అది. ఇంగ్లీషు కె ఉన్న కీ నొక్కితే తెలుగులో క, లేఅవుట్ మార్చి అదే కీ నొక్కితే ఒడియాలోనూ క. హెచ్ కీ మీద ప, డి మీద పొల్లు. ఒకసారి వేళ్లకి అలవాటైతే రెండో లిపికి వేరే సాధన అక్కర్లేదు. ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే అలవాటు పడకముందే ఇది నేర్పండి.

మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈలో కీబోర్డు సెట్టింగుల్లో లేఅవుట్ ట్యాబుకి వెళ్లి, ముందు సిస్టం డిఫాల్ట్ టిక్కు తీసెయ్యాలి. అది తియ్యకపోతే మిగతావేవీ నొక్కడానికి రావు. తరవాత యాడ్ నొక్కి ఇండియన్ కింద తెలుగు చేర్చండి. ఒడియా అక్కడ ఒరియా అనే పాత పేరుతో కనిపించవచ్చు. మార్చే కీలుగా ఆల్ట్ షిఫ్ట్ పెట్టండి. పాస్‌వర్డు తప్పని కంప్యూటర్ పదేపదే అంటుంటే, అప్పుడు ఏ లేఅవుట్ ఉందో చూడండి, చాలాసార్లు తెలుగులోనే ఉండిపోయి ఉంటుంది.

డీటీపీ సెంటరు నుంచి వచ్చిన ఒడియా ప్రశ్నపత్రం తెరిస్తే చెత్త అక్షరాలు వస్తే తప్పు లినక్స్‌ది కాదు. అది అక్రుతి లాంటి పాత ఫాంటులో కొట్టినది, అన్ని కంప్యూటర్లలో ఒకేలా చదవగలిగే యూనికోడ్ కాదు. తెలుగులో అను ఫాంట్లదీ అదే గొడవ. పీడీఎఫ్ అడిగి తీసుకోండి.

గుణుపురం, పర్లాకిమిడి కొండల్లో పిల్లల స్నేహితుల్లో సవర పిల్లలుంటారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండగా నేర్చుకుని, నిఘంటువు కూర్చింది ఆ భాషకే. 1936లో మంగే గొమాంగో దానికి సొరంగ్ సోంపెంగ్ లిపి రూపొందించారు, 2012లో అది యూనికోడ్‌లోకి వచ్చింది. దానికి కూడా నోటో అనే ఫాంట్ల వరసలో ఓపెన్ లైసెన్సుతో ఫాంటు ఉంది. కొనేవాళ్లు తక్కువన్న లెక్కతో ఆ ఫాంటు పని ఆగిపోలేదు.

ఓపెన్ సోర్స్ అంటే ఏమిటో ఎనిమిదేళ్ల పాపకి చెప్పాలంటే టక్స్ పెయింట్ స్టాంపు (బొమ్మ మీద అద్దే చిన్న చిత్రం) చేయించండి. ఒక వస్తువు ఫొటో తీసి, ఫొటోలు దిద్దే జింప్‌లో వెనక భాగం చెరిపి పారదర్శకంగా చేసి, పీఎన్‌జీగా ఎగుమతి చెయ్యాలి. జేపీజీ పనికిరాదు, చుట్టూ తెల్ల డబ్బా వస్తుంది. అదే పేరుతో ఒక టెక్స్ట్ ఫైలు రాసి యూటీఎఫ్-8లో దాస్తే స్టాంపు కింద కనిపించే మాట అదే. అదే పేరుతో పాప గొంతు ఓజీజీగా రికార్డు చేసి పక్కన పెడితే స్టాంపు ఎంచుకోగానే ఆ గొంతే పలుకుతుంది. లినక్స్‌లో ఇవన్నీ పెట్టాల్సింది హోమ్ ఫోల్డరులోని చుక్క టక్స్‌పెయింట్ (.tuxpaint) లోపలి స్టాంప్స్ (stamps) ఫోల్డరులో. చుక్కతో మొదలయ్యేవి దాగి ఉంటాయి, కంట్రోల్ హెచ్ నొక్కితే కనిపిస్తాయి. విండోస్‌లో యాప్‌డేటా లోపలి టక్స్‌పెయింట్‌లో అదే పేరు ఫోల్డరు. ఆ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసి పక్కింటి పిల్లకిస్తే, అక్కడ ఉన్నది విండోస్ అయినా ఈ పాప గొంతు అక్కడా పలుకుతుంది.