మతూరా తాబేళ్ల కాపలా: రెండోసారి వెళ్లేవాళ్లకు

కరీబియన్ దీవి ట్రినిడాడ్ తూర్పు తీరంలోని మతూరాలో లెదర్‌బ్యాక్ అనే పెద్ద సముద్రపు తాబేళ్ల కాపలాకు (రాత్రిపూట ఒడ్డున తిరుగుతూ, గుడ్లు పెట్టే తాబేళ్లను కొలిచి నంబరు రాసుకునే పనికి) ఒకసారి వెళ్లొచ్చినవాళ్లు మరుసటి ఏడాదే మళ్లీ టికెట్ కొనేయాలని చూస్తారు. తొందరొద్దు. ఈ తాబేలు ఏటా గుడ్లు పెట్టదు, సాధారణంగా రెండు మూడేళ్లకోసారే వస్తుంది. మీరు నంబరు రాసుకున్న తాబేలే మళ్లీ కనబడే అవకాశం కావాలంటే రెండేళ్లు ఆగి వెళ్లండి. వచ్చిన సీజన్‌లో మాత్రం తొమ్మిది, పది రోజులకోసారి ఒడ్డెక్కుతుంది. అందుకే వారం రోజుల మకాం మాకు దండగ అనిపిస్తుంది, రెండు వారాలైనా ఉండాలి. గుడ్లు పెట్టడం చూడాలంటే ఏప్రిల్, మే. తాబేలు పిల్లల్ని కూడా చూడాలంటే జూన్ చివర, కానీ వానలో తడవాలి.

ఇక్కడ పని నడిపేది 1990లో మొదలైన నేచర్ సీకర్స్ అనే ఊరివాళ్ల సంఘం. మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా పర్మిట్ లేకుండా బీచ్ మీద అడుగుపెట్టకూడదు. మొదటిసారి వెళ్లినవాళ్లకు ఎక్కువగా పెన్సిలు, ఫారం దక్కుతాయి. పని తెలిసి తిరిగొచ్చినవాళ్ల చేతికి టేపు, స్కానర్ త్వరగా వస్తాయి. అసలు మజా అక్కడే.

తాబేలు నీళ్లలోంచి పైకొస్తున్నప్పుడు, గుంత తవ్వుతున్నప్పుడు దగ్గరకెళితే వెనక్కి తిరిగిపోతుంది. గుడ్లు పడటం మొదలయ్యాక పెద్దగా కదలదు, పనంతా ఆ కాసేపట్లోనే. ముందు రెండు భుజాల మీదా స్కానర్‌ను మెల్లగా తిప్పాలి. తాబేలు నంబరున్న బియ్యపుగింజంత చిప్ కండరం లోపల ఉంటుంది, హడావిడిగా తిప్పితే దొరకదు. లేదనుకుని ఇంకోటి పెట్టేస్తే ఒకే తాబేలుకు రెండు నంబర్లవుతాయి. తర్వాత టేపు. మెడ దగ్గర చిప్ప అంచు నుంచి తోకవైపు మొన దాకా, చిప్ప నడుమ గట్టులా ఉబ్బిన గీత మీద కాకుండా దాని పక్కనే సాగాలి. గట్టు మీద పెడితే జారుతుంది, కొలత మనిషికో రకంగా వస్తుంది. మొన విరిగి ఉంటే ఆ మాట ఫారంలో రాయండి. రాయకపోతే ఈసారి తాబేలు పొట్టిదైపోయినట్టు లెక్క తేలుతుంది!

లైటు ఎర్రదే వాడాలి. తెల్ల లైటు వేస్తే తల్లి బెదురుతుంది, పిల్లలు సముద్రం వదిలేసి లైటు వైపు నడుస్తాయి. తడికి పెన్ను రాయదు, పెన్సిలే తీసుకెళ్లండి. గుంత పూడ్చేటప్పుడు దూరంగా జరగండి: మూడు నాలుగు వందల కిలోల జంతువు, ముందు తెడ్డుకాలు తగిలితే మనిషి పడిపోతాడు. దోమల మందు పూసిన చేత్తో పిల్లల్ని ముట్టుకోకూడదు.

ఊరివాళ్ల ఆదరణకు వంక పెట్టలేం. అయితే ఎదురుపడగానే పలకరించాల్సింది మీరే. చీకటి పడ్డాక అక్కడ పలకరింపు ‘గుడ్ నైట్’, అది వీడ్కోలు కాదు. 1845 నుంచి వెళ్లిన భారతీయ కూలీల వంటలు ఆ దేశమంతటా పాకాయి కాబట్టి రోటీ, పప్పు, శనగల కూర దొరుకుతాయి. శాకాహారులు మాత్రం ముందే చెప్పాలి, చెప్పకపోతే కోడి వేసి వండిన అన్నం, పెలావ్, వచ్చేస్తుంది. పొద్దున్నే దగ్గరి పట్టణం సాంగ్రె గ్రాండే వెళ్లగలిగితే డబుల్స్ (రెండు మెత్తటి పూరీల మధ్య శనగల కూర) తినండి. కారం కొద్దిగా చాలని చెప్పడానికి పెప్పర్ ‘స్లైట్’ అనండి, మన కారం అలవాటు అక్కడ పనికిరాదు.

బాగోలేనివీ ఉన్నాయి. తెల్లవారే దాకా మెత్తటి ఇసుకలో నడక, ఇసుక ఈగలు, కొన్ని నెలల్లో ఒడ్డున కుళ్లే సర్గాసమ్ నాచు కంపు. ప్రవాహాలు బలంగా ఉంటాయి, మతూరాలో ఈతకు దిగకండి.

ప్రయాణంలో రెండు చిక్కులు. అమెరికా మీదుగా వెళ్తే విమానం మారడానికైనా ఆ దేశపు వీసా కావాలి. రెండోది ఎల్లో ఫీవర్ టీకా. ట్రినిడాడ్ నుంచి ఇండియాలో దిగేటప్పుడు ఆ సర్టిఫికెట్ లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ అది చెల్లదు. చెల్లడం మొదలైతే జీవితాంతం చెల్లుతుంది కాబట్టి, క్రితంసారి కార్డు ఎక్కడ పెట్టారో వెతుక్కోండి.