బ్రేక్ హోస్ క్లాంపుల సెట్: ఎంజీబీ ఉన్నవాళ్ళు విడిభాగాల కంటే ముందు కొనాల్సిన వస్తువు

పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో పెడల్ లోపలికి దిగిపోతుంటే చాలామంది ముందుగా మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ను ఒత్తిడితో చక్రాలకు పంపేది) కొంటారు. తర్వాత సీళ్ళు, ఆ తర్వాత ఆయిల్ వెళ్ళే రబ్బరు గొట్టాలు, అంటే హోసులు. అన్నీ మార్చాక కూడా పెడల్ అలాగే ఉంటే ఏం చేయాలో తోచదు. నా మాట వింటే, వీటన్నిటికంటే ముందు పది పౌండ్ల లోపు దొరికే హోస్ క్లాంపుల సెట్ ఒకటి కొనండి. అది బ్రేకుల్ని బాగుచేయదు. లోపం ఏ చక్రం వైపు ఉందో చూపిస్తుంది. నాకు కావలసింది కూడా అదే.

నా కారు 1972 ఎంజీబీ రోడ్‌స్టర్. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, తొక్కే బలాన్ని పెంచే సర్వో లేదు. సింగిల్ సర్క్యూట్ బ్రేకులు కాబట్టి ఒక్క మాస్టర్ సిలిండరే నాలుగు చక్రాలకూ ఒత్తిడి పంపాలి. ఎక్కడో ఒకచోట పైపు పగిలినా, సీలు పోయినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. చేతిలో మిగిలేది కేబుల్ మీద పనిచేసే హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే. కారుకు 40 ఏళ్ళు దాటాయి కనుక ఇంగ్లాండులో దీనికి ఎంఓటీ అనే ఏటా చేసే భద్రతా పరీక్ష తప్పనిసరి కాదు. అయినా నేను ఏటా చేయిస్తాను. పరీక్ష లేకపోయినా, రోడ్డెక్కే కారు సురక్షితంగా ఉంచాల్సిన బాధ్యత చట్టం ప్రకారం యజమానిదే. మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని నడిపే కారు ఇది. పెడల్ విషయంలో ‘చూద్దాంలే’ అని నేను అనుకోలేను.

కిందటి శీతాకాలం కారు కదలకుండా ఉండిపోయింది. బయటికి తీసేసరికి పెడల్ మొదటిసారి తొక్కితే సగానికి పైగా దిగుతోంది, వెంటనే రెండోసారి తొక్కితే పైకే నిలుస్తోంది. కొత్త డాట్ 4 బ్రేకు ఆయిల్ పోసి పైపుల్లోని గాలి తీశాను. పారదర్శకమైన గొట్టంలో ఒక్క బుడగ కూడా రాలేదు, పెడల్ మాత్రం మారలేదు. ఒక గ్యారేజీకి తీసుకెళ్తే, చక్రాలు విప్పి చూడకుండానే మాస్టర్ సిలిండర్ పోయిందన్నారు. ఎంజీబీలో ఆ పని తెలిసినవాళ్ళకు నా బాధ అర్థమవుతుంది. పెడల్ బాక్స్ మూత స్క్రూలన్నీ విప్పాలి, లోపల చెయ్యి సరిగా దూరని చోట పెడల్‌ను సిలిండర్‌కు కలిపే క్లెవిస్ పిన్ను లాగాలి, పక్కనే క్లచ్ మాస్టర్ సిలిండర్ అడ్డం. పైగా ఆయిల్ చుక్క పడితే పెయింట్ లేచిపోతుంది. అంత పని చేసేముందు నిజంగా తప్పు దానిదేనా అని తేల్చుకోవాలనిపించింది.

క్లాంపు చూడటానికి చాలా సాధారణమైన వస్తువు. రెండు గుండ్రటి కడ్డీలు, మధ్యలో హోస్, చేత్తో తిప్పే ఒక స్క్రూ. తిప్పితే కడ్డీలు దగ్గరకొచ్చి రబ్బరు హోసును నొక్కేస్తాయి, ఆయిల్ దారి మూసుకుపోతుంది. ఎంజీబీలో రబ్బరు హోసులు మూడే. ముందు చక్రాలకు చెరొకటి, వెనక ఇరుసు మొత్తానికి ఒకటి. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ లాంటి కారులో వెనక చక్రాలు విడివిడిగా కదులుతాయి కాబట్టి నాలుగు హోసులుంటాయి. అందుకే బ్రేకు హోసులకు సరిపోయేవి మూడు కాకుండా నాలుగున్న సెట్ తీసుకోవడం మంచిది.

అసలు పరీక్ష ఇలా చేశాను. కారును యాక్సిల్ స్టాండ్ల మీద నిలబెట్టి మూడు హోసులకూ క్లాంపులు బిగించాను. మా అబ్బాయి లోపల కూర్చుని పెడల్ తొక్కాడు. “నాన్నా, ఇది అసలు దిగట్లేదు, రాయిలా ఉంది” అన్నాడు. ఆ ఒక్క మాటతో మాస్టర్ సిలిండరూ, అక్కణ్ణుంచి హోసుల వరకు ఉన్న లోహపు పైపులూ బాగానే ఉన్నట్టు తేలింది. అక్కడ గాలి ఉంటే పెడల్ ఇంకా మెత్తగానే ఉండేది. కాలు అలాగే గట్టిగా నొక్కి ఉంచమన్నాను. మెల్లగా కిందికి జారితే మాస్టర్ సిలిండర్ లోపలి సీలు ఆయిల్‌ను వెనక్కి వదులుతోందని అర్థం. జారలేదు.

తర్వాత ఒక్కో క్లాంపు విప్పుతూ వచ్చాం. ముందు కుడిది విప్పితే పెడల్ కొద్దిగా దిగింది, ఎడమది విప్పితే మరికొద్దిగా. అది మామూలే. వెనకది విప్పగానే పెడల్ ఒక్కసారిగా సగానికి పడిపోయింది. అంటే లోపం వెనక ఇరుసు మీదే.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. పెడల్ స్ప్రింగులా మెత్తగా ఉండటం వేరు, ఎక్కువ దూరం దిగి అక్కడ గట్టిపడటం వేరు. మెత్తగా ఉంటే ఎక్కువసార్లు గాలే కారణం, ఎందుకంటే గాలి నలుగుతుంది, ఆయిల్ నలగదు. దూరం దిగి గట్టిపడుతూ, రెండోసారి తొక్కితే పైకి నిలిస్తే మాత్రం ముందు అనుమానించాల్సింది డ్రమ్ములోని ఖాళీని. డ్రమ్మును లోపలి నుంచి ఒరుసుకుని ఆపే షూ మీది లైనింగ్ డ్రమ్ముకు దూరంగా ఉన్నప్పుడు, షూను అక్కడిదాకా తోయడానికే మొదటి తొక్కు అయిపోతుంది. నాది ఈ రెండో రకం. గాలి తీస్తే ఎందుకు తగ్గలేదో అప్పుడు అర్థమైంది.

ఎంజీబీ వెనక డ్రమ్ములు వాటంతట అవి సర్దుకోవు. వెనక పలక మీద చదరపు తల ఉన్న అడ్జస్టర్ ఉంటుంది. చక్రం కదలకుండా బిగిసేదాకా దాన్ని తిప్పి, మళ్ళీ స్వేచ్ఛగా తిరిగేదాకా కొద్దికొద్దిగా వదలాలి. నా కారులో ఎడమవైపు అడ్జస్టర్ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. చొచ్చుకుపోయే నూనె కొట్టి, సరిగ్గా సరిపోయే పానాతో ఓపిగ్గా కదిపాను. మామూలు స్పానర్ వేస్తే ఆ తల మూలలు అరిగిపోతాయి, అప్పుడు పని రెట్టింపవుతుంది. డ్రమ్ము తీసి చూస్తే, షూలను తోసే వీల్ సిలిండర్ రబ్బరు తొడుగు కింద తడి కూడా కనిపించింది. తొడుగు అంచు లేపి చూడకపోతే అది బయటపడదు. సిలిండర్ మార్చేటప్పుడు వెనక హోసుకు మళ్ళీ క్లాంపు వేశాను. రిజర్వాయర్ ఖాళీ కాలేదు, ముందు చక్రాల గాలి మళ్ళీ తీయాల్సిన పనీ పడలేదు. క్లాంపు తీశాక వెనక మాత్రమే గాలి తీశాను. ఇప్పుడు పెడల్ మొదటి తొక్కులోనే పైన నిలుస్తుంది. మాస్టర్ సిలిండర్ అదే ఉంది.

ఈ సెట్ చెప్పలేనివీ ఉన్నాయి. పాత హోస్ లోపల ఉబ్బి దారి ఇరుకైతే పెడల్ గట్టిగానే ఉంటుంది, కానీ కాలు తీశాక ఆ చక్రం వదలదు, వేడెక్కుతుంది. దానికి పరీక్ష వేరు. చక్రం పట్టేసి ఉన్నప్పుడు హోసుకు పైనున్న లోహపు పైపు జాయింటు కొద్దిగా వదిలి చూడండి. అప్పటికీ పట్టు వదలకుండా, చక్రం దగ్గర గాలి తీసే బ్లీడ్ నిపుల్ తెరిచినప్పుడే వదిలితే ఒత్తిడి హోస్ లోపల చిక్కుకుంది. జాయింటు దగ్గరే వదిలేస్తే లోపం ఇంకా పైన, అంటే మాస్టర్ సిలిండర్ వైపు వెతకాలి. అక్కడ పెడల్ పుష్‌రాడ్‌కు (పెడల్ నుంచి సిలిండర్‌లోకి తోసే కడ్డీకి) కాస్త ఆట, అంటే వదులు, ఉందో లేదో ముందు చూడండి. ఆట లేకపోతే ఆయిల్ రిజర్వాయర్‌లోకి తిరిగి వెళ్ళే చిన్న రంధ్రం మూసుకుపోయి బ్రేకులు పట్టుకునే ఉంటాయి. విడిగా బిగించిన సర్వో ఉన్న కారులో ఎక్కడా తడి కనిపించకుండా ఆయిల్ తగ్గుతుంటే, సర్వో సీలు దాటి వాక్యూమ్ గొట్టం గుండా ఇంజిన్‌లోకి పోతోందేమో చూడాలి. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ వస్తే ఆ అనుమానం బలపడుతుంది.

ఇక సెట్ నాణ్యత. నేను మొదట పళ్ళ మీద ఆగే ప్లాస్టిక్ లీవర్ రకం చేతిలోకి తీసుకుని చూసి పక్కన పెట్టేశాను. పెడల్ గట్టిగా తొక్కితే ఆ లైనులో వందల పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి ఉంటుంది, దానికి ఆ పళ్ళు ఆగుతాయన్న నమ్మకం కుదరలేదు. లోహపు స్క్రూ రకం నిలకడగా పట్టుకుంటుంది, ఎంత బిగిస్తున్నామో చేతికి తెలుస్తుంది. అయితే దీనికీ లోటుంది. స్క్రూ తల చిన్నది, ఆయిల్ అంటిన చేత్తో జారుతుంది. ముందు చక్రం వెనకాల ఇరుకులో తిప్పడం కష్టం. సెట్‌లోని అన్నిటికంటే పెద్ద క్లాంపు బ్రేకు పనికి వాడలేం, అది రేడియేటర్ గొట్టాలకే.

వాడేటప్పుడు దారి మూసుకునేంత వరకే బిగించండి, అంతకు మించి వద్దు. కటింగ్ ప్లేయరో, పళ్ళున్న గ్రిప్పో రబ్బరు మీద ఎప్పుడూ వేయొద్దు. నొక్కితే పగుళ్ళు తేలే హోస్ ఎలాగూ మార్చాల్సిందే. చక్రాలు బిగించేముందు క్లాంపులు అన్నీ చేతికి వచ్చాయో లేదో లెక్కపెట్టుకోండి.

పైన స్టీలు అల్లిక ఉన్న హోసులకు మాత్రం ఇవి వేయకూడదు. లోపలి టెఫ్లాన్ గొట్టం ఒకసారి నొక్కుకుపోతే మళ్ళీ తన ఆకారానికి రాదు. వచ్చే వసంతంలో నా మూడు హోసులూ మార్చబోతున్నాను. స్టీలు అల్లికవి పెడల్‌ను ఇంకాస్త బిగువుగా ఉంచుతాయని క్లబ్బులో అందరూ అంటారు, అందులో నిజముంది. అయినా నేను మళ్ళీ రబ్బరువే వేస్తాను, లోపం వచ్చినప్పుడు వాటికి క్లాంపు వేసి చూడొచ్చు కనుక.