రీస్టార్ట్ చేయకుండా లాగ్ లెవెల్ మార్చడం: కొన్నేళ్లు వాడాక

జావా అప్లికేషన్లు రాయడానికి వాడే స్ప్రింగ్ బూట్‌లో, నడుస్తున్న అప్లికేషన్‌ని గమనించడానికి యాక్చుయేటర్ అనే భాగం ఉంది. అందులో ఉన్నవన్నీ నేను వాడను. మెట్రిక్స్ జోలికి పెద్దగా పోలేదు. 1.5 వెర్షన్‌తో వచ్చిన లాగర్స్ ఎండ్‌పాయింట్ (లాగ్ లెవెళ్లను చూసి మార్చే వెబ్ అడ్రస్) మాత్రం లేకపోతే నాకు గడవదు. అప్లికేషన్‌ని ఆపకుండా, కావలసిన ప్యాకేజీకి (కోడ్‌లో ఒక భాగానికి) మాత్రమే లాగ్ లెవెల్, అంటే లాగ్‌లో ఎంత వివరంగా రాయాలన్నది, పెంచుకోవచ్చు. రీస్టార్ట్ చేయగానే మాయమైపోయే సమస్యతో వేగినవాళ్లకు ఇదెంత పెద్ద వరమో తెలుస్తుంది.

నేను చూసేది చీమకుర్తిలో గ్రానైట్ బ్లాకుల కాటా దగ్గర నడిచే అప్లికేషన్. లారీ కాటా ఎక్కాలి, తూకం పడాలి, ఈ-వే బిల్లు నంబరు రావాలి, అప్పుడే గేటు దాటుతుంది. కొన్నాళ్లపాటు ఉన్నట్టుండి స్క్రీన్ తిరుగుతూ ఉండిపోయేది. వెనక లారీలు బారులు తీరేవి. కాటా గుమస్తా ఫోన్ చేసి, "అన్నా, మళ్లా తిరగతానే ఉంది, ఆపి స్టార్ట్ చేసేదా?" అనేవాడు. చేస్తే అంతా చక్కగా నడిచేది. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి జ్వరం తగ్గిపోయినట్టు, మేం వివరంగా రాసే డీబగ్ లెవెల్ పెట్టి మళ్లీ స్టార్ట్ చేసేసరికి చూడటానికేమీ మిగిలేది కాదు. మామూలుగా ఉండే ఇన్ఫో లెవెల్‌లో దొరికేదల్లా, 30 సెకన్లు ఆగినా డేటాబేస్ కనెక్షన్ దొరకలేదన్న ఎర్రర్. ఆ కనెక్షన్లను ఎవరు పట్టుకుని కూర్చున్నారో అందులో ఉండదు.

ఒకసారి ఫోన్ రాగానే, "కాసేపాగు అబ్బయ్యా, దేన్నీ ముట్టుకోబాక" అని చెప్పి ఒంగోలు నుంచే లాగిన్ అయ్యాను. అప్లికేషన్ బాగుందో లేదో చెప్పే హెల్త్ పేజీ కూడా ఇరుక్కుపోయి ఉంది, అదీ డేటాబేస్‌నే అడుగుతుంది కాబట్టి. లాగర్స్ మాత్రం వెంటనే పలికింది. డేటాబేస్ కనెక్షన్లను పంచిపెట్టే హికారీ కనెక్షన్ పూల్‌ని డీబగ్‌కి మార్చాను. కాసేపటికే లాగ్‌లో లైను పడింది: టోటల్ 10, యాక్టివ్ 10, ఐడిల్ 0. వెయిటింగ్ దగ్గర అంకె పెరుగుతోంది. బిల్లింగ్ ప్యాకేజీని కూడా డీబగ్‌కి తెచ్చాను. ఎప్పటికో ఒక కనెక్షన్ ఖాళీ అయ్యేది, క్యూలో ఉన్న రిక్వెస్ట్ దాన్ని అందుకునేది, "బిల్లు నంబరు కోసం పంపాం" అన్న లైను పడేది. "జవాబు వచ్చింది" అన్న లైను పడేది కాదు.

అంతే, దొరికిపోయింది. మాకంటే ముందు ఈ కోడ్ రాసినవాళ్లు ట్రాన్సాక్షన్ (కనెక్షన్‌ని పట్టుకుని చేసే డేటాబేస్ పని) తెరిచి ఉంచి, అందులోంచే బిల్లు నంబరు ఇచ్చే బయటి సర్వీసును పిలిచారు. ఇంతసేపే ఆగాలన్న టైమౌట్ కూడా దానికి పెట్టలేదు. అవతల ఆలస్యమైతే డేటాబేస్ కనెక్షన్లన్నీ ఇక్కడ ఊరికే పడి ఉండేవి. ఆ పిలుపును ట్రాన్సాక్షన్ బయటికి తెచ్చి టైమౌట్ పెట్టాం. ఆ గొడవ మళ్లీ రాలేదు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

అయితే, "ఆపకుండా" అన్నానే, అది ముందే సిద్ధం చేసుకున్నవాళ్లకే. మామూలుగా లాగర్స్ ఎండ్‌పాయింట్ వెబ్‌లో తెరిచి ఉండదు, సెట్టింగుల్లో మనమే తెరవాలి. సమస్య వచ్చాక తెరుద్దామంటే మళ్లీ రీస్టార్టే. తెరిచినవాళ్లు వేరే పోర్టులో, పాస్‌వర్డ్ వెనక పెట్టుకోవాలి. కోడ్‌లో డీబగ్ లైన్లు రాసి ఉండటం కూడా మా అదృష్టం. స్టాక్ మాడ్యూల్‌లో అవి లేవు, అక్కడ ఇంకా వివరమైన ట్రేస్ లెవెల్ దాకా పోయినా కొత్తగా ఒక్క లైను రాలేదు. జరిగిపోయిన దాని జాడా దొరకదు, మార్చినప్పటి నుంచి పడేదే.

పెంచిన లెవెల్ దానంతటది దిగదు. నల్ (ఖాళీ విలువ) పంపితే పై ప్యాకేజీ లెవెల్‌కి వస్తుంది, లేదంటే రీస్టార్ట్ దాకా అలాగే ఉండి డిస్క్ నింపుతుంది. టైమర్ ఉంటే ఎంత బాగుండేదో! హెచ్‌టీటీపీ లైబ్రరీల డీబగ్ లాగ్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి, పాస్‌వర్డ్ లాంటి టోకెన్లు కూడా అందులో పడిపోవచ్చు.

మాది ఒక్క మెషీన్‌లో, ఒకే కాపీగా నడుస్తుంది కాబట్టి నాకు ఇంత హాయిగా ఉంది. రిక్వెస్టులను పంచే లోడ్ బ్యాలెన్సర్ వెనక నాలుగైదు కాపీలుంటే, మీరు పంపిన మార్పు అందుకున్న కాపీకే వర్తిస్తుంది. ఇరుక్కున్నది పక్క కాపీ అయితే, దాని అడ్రస్‌కే నేరుగా పంపే దారి ముందే చూసుకోవాలి.