అప్‌డేట్‌లో రిమైండర్లు పోయిన క్యాలెండర్ యాప్: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

ఫోన్‌తో పాటే వచ్చిన క్యాలెండర్ యాప్‌ని నేను చాలా ఏళ్లు వాడాను. చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండేది కాదు కానీ, రిమైండర్ల విషయంలో మాత్రం నిజంగా బాగుండేది. ఒక్కో ఈవెంట్‌కి ఐదు రిమైండర్ల దాకా పెట్టుకోవచ్చు. కావాలంటే మనం ఆపేదాకా మోగుతూనే ఉంటుంది. ఫోన్ సైలెంట్‌లో ఉన్నా అలారంలాగా వినిపిస్తుంది. స్నూజ్ నొక్కితే మళ్లీ ఎంతసేపటికి గుర్తుచేయాలో మనమే చెప్పొచ్చు. ఈమధ్య వచ్చిన పెద్ద అప్‌డేట్‌లో ఈ నాలుగూ పోయాయి. ఇప్పుడు ఈవెంట్‌కి ఒకే రిమైండర్, అది కూడా ఒక్కసారి టింగుమని నోటిఫికేషన్ల గుంపులో కలిసిపోతుంది.

ఇదేమంత పెద్ద విషయం అనుకునేవాళ్లకి మా ఇంట్లో దీన్ని ఎలా వాడతామో చెబుతాను. నాన్నగారి తద్దినం కార్తీక బహుళ పంచమి. తిథి ప్రకారం పెట్టాలి కాబట్టి ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది. 'ప్రతి సంవత్సరం' అని రిపీట్ పెడితే పనికిరాదు. అందుకని ఉగాదికి కొత్త పంచాంగం రాగానే కూర్చుని ఆ ఏడాది తేదీలన్నీ ఒకేసారి ఎక్కించేస్తాను. తద్దినానికి మూడు రిమైండర్లు. మొదటిది రెండు వారాల ముందు, పురోహితుడికీ భోక్తలకీ చెప్పి ఆఫీసులో సెలవు పెట్టుకోవడానికి. కార్తీకంలో పురోహితులు దొరకడం ఎంత కష్టమో వెతికినవాళ్లకే తెలుసు. రెండోది మూడు రోజుల ముందు, సరుకుల కోసం. మూడోది ముందురోజు మధ్యాహ్నం, ఆ రాత్రికి భోజనం లేదని. అప్‌డేట్ అయ్యాక ఆ ఈవెంట్ తెరిచి చూస్తే ముందురోజుది ఒక్కటే మిగిలింది. మిగతా రెండూ తీసేశామని యాప్ ఎక్కడా చెప్పలేదు. అప్‌డేట్ వివరాల్లో ఉన్నది 'లోపాలు సరిచేశాం, పనితీరు మెరుగుపరిచాం' అనే మాట మాత్రమే.

నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. రిమైండర్ పెట్టేదే ఆ సంగతి మన బుర్రలోంచి తీసేసి నిశ్చింతగా ఉండటానికి. ఆరు నెలల కింద పెట్టినది ఇప్పుడు మోగకపోతే, మోగలేదన్న సంగతి కూడా మనకి తెలియదు. కొత్త రంగులు, కొత్త బటన్లు నచ్చకపోతే కంటికి కనిపిస్తాయి, అలవాటు పడతాం. మోగని రిమైండర్ కనిపించదు.

అమ్మ మాత్ర సంగతి ఇంకా ముఖ్యం. ఎముకల బలానికి డాక్టరు వారానికోసారి వేసుకునే మాత్ర రాశారు. ఆదివారం పొద్దున్నే పరగడుపున గ్లాసుడు మంచినీళ్లతో వేసుకుని, అరగంట పాటు నడుం వాల్చకుండా ఉండాలి. కాఫీ ఆ తర్వాతే. రోజూ వేసుకునే మాత్రయితే అలవాటైపోతుంది, వారానికోసారిది అలా కాదు. పాత యాప్ ఆరింటికి మొదలుపెట్టి, ఎవరో ఒకరు వచ్చి ఆపేదాకా మోగేది. ఆ సమయానికి అమ్మ పూజగదిలో ఉంటుంది, ఫోన్ హాల్లో ఛార్జింగ్‌లో ఉంటుంది. ఆ మోతకి "వస్తున్నా, వస్తున్నా" అంటూ వచ్చేది. ఇప్పటి టింగు పక్కగదికి కూడా వినిపించదు. అప్‌డేట్ వచ్చిన కొత్తలో ఒక ఆదివారం మాత్ర తప్పిపోయింది.

కంపెనీకి రాస్తే, బ్యాటరీ ఆదా కోసం మార్చామని జవాబిచ్చారు. ఈ మాట నాకు మింగుడుపడలేదు. ఆండ్రాయిడ్ 12 నుంచి సరిగ్గా సమయానికి మోగే అలారాలకి విడిగా అనుమతి కావాల్సి వచ్చిన మాట నిజమే. కానీ 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13లో క్యాలెండర్, అలారం యాప్‌ల కోసమే ప్రత్యేకంగా ఒక అనుమతి పెట్టారు. యాప్ ఇన్‌స్టాల్ అవగానే అది దానంతట అదే వస్తుంది. ఇక పదేపదే మోగడం అంటారా, క్యాలెండర్‌ల మధ్య సమాచారం మార్చుకోవడానికి వాడే ఐక్యాలెండర్ ప్రమాణంలో, అలారం ఎన్నిసార్లు ఎంతసేపటికోసారి మోగాలో రాసే వీలు 1998 నుంచే ఉంది. కుదరక తీసేశారంటే నేను నమ్మను.

ఫీచర్లు తీసేయడం కొత్తేమీ కాదు. గూగుల్ క్యాలెండర్ ఎస్సెమ్మెస్ రిమైండర్లను 2019 జనవరి 7 నుంచి పూర్తిగా ఆపేసింది. నెట్ లేని మామూలు ఫోన్లవాళ్లకి అవి బాగా పనికొచ్చేవి. అయితే ఫలానా తేదీ నుంచి ఉండవని ముందే చెప్పింది. ముందుగా చెబితే మనం వేరే దారి చూసుకుంటాం కదా. నేను అడిగేది కనీసం అంతే.

ప్రస్తుతం ఫాసిఫై క్యాలెండర్ వాడుతున్నాను. ఉచితం, ప్రకటనలు లేవు, ఓపెన్ సోర్స్ యాప్‌ల స్టోర్ అయిన ఎఫ్-డ్రాయిడ్‌లో దొరుకుతుంది. ఈవెంట్‌కి మూడు రిమైండర్లు, ఆపేదాకా మోగే సెట్టింగ్, అలారం వాల్యూమ్‌లో మోగించే వీలు, అన్నీ ఉన్నాయి. చూడ్డానికి సాదాగా ఉంటుంది. తిథులు చూపించదు కాబట్టి పంచాంగం దగ్గర పెట్టుకుని ఎక్కించడం ఎలాగూ తప్పదు. అమ్మ ఫోన్‌లో కూడా ఇదే వేశాను. వేశాక బ్యాటరీ సెట్టింగుల్లోకి వెళ్లి ఆ యాప్‌కి ఆంక్షలు తీసేయండి, లేకపోతే కొన్ని ఫోన్లలో ఆలస్యంగా మోగుతుంది.

పాత యాప్ ఇంకా అప్‌డేట్ కానివాళ్లు ముందు ఈవెంట్లన్నీ ఐసీఎస్ ఫైలుగా (వేరే క్యాలెండర్ యాప్‌లు కూడా తెరవగలిగే ఫైలు) ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. తర్వాత ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, ఆటో అప్‌డేట్ టిక్ తీసేయండి.

ఇన్నాళ్లూ ఐదు స్టార్లిచ్చిన యాప్‌కి ఇప్పుడు ఒకటే ఇస్తున్నాను. ఆపేదాకా మోగే రిమైండర్‌ని, ఈవెంట్‌కి కనీసం మూడు రిమైండర్లని తిరిగి తెస్తే ఆ రోజే రేటింగ్ మారుస్తాను.